ఫీనిక్స్ సన్స్: విత్తనపు వడ్లు వండుకు తిన్న కథ

ప్రశ్న (కుదించి రాస్తున్నాను): "అన్నా, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2021 ఫైనల్స్ నుంచి ఫీనిక్స్ సన్స్ ఫ్యాన్‌ని. ఎన్‌బీఏలో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టిన జట్టు 2024-25లో కనీసం ప్లే-ఇన్‌కి (ప్లేఆఫ్‌లో చేరడానికి ఆడే చివరి అవకాశపు మ్యాచ్‌లు) కూడా రాలేదు. కొత్త ఓనర్ డబ్బు తగలేశాడని నేనంటే, 'వాడి డబ్బు వాడిష్టం, మధ్యలో నీకేం నొప్పి' అని రూమ్మేట్ నవ్వుతున్నాడు. ఎవరిది రైటు? ఈ జట్టుని వదిలేయాలా? ఎనిమిది వేలు పెట్టి కొన్న డ్యురాంట్ జెర్సీ ఏం చేసుకోవాలి?"

తమ్ముడూ, ముందు నీ రూమ్మేట్‌కి సగం మార్కులు ఇచ్చేద్దాం. డబ్బు ఓనర్‌ది. జెర్సీకి పెట్టిన ఎనిమిది వేలు తప్ప అందులో నీ పైసా లేదు. మిగతా సగం మార్కులు ఎందుకివ్వనో చెప్పాలంటే మాత్రం కాస్త పొడుగవుతుంది. సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్ ఇరుక్కున్నప్పుడు చదువుకో, సరిపోతుంది.

నేను ఈ జట్టు వెంట పడి ఇరవై ఏళ్ళు దాటింది. మాది అనంతపురం. 2002లో అకౌంట్స్ ఉద్యోగం మీద బెంగళూరు వచ్చాను. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడిన మోకాళ్ళు ఇంకా మాట వింటున్న రోజులు. 2004-05లో స్టీవ్ నాష్ ఫీనిక్స్‌కి తిరిగొచ్చి, ఆ జట్టు 62 మ్యాచ్‌లు గెలిచింది. టీవీలో ఎప్పుడో ఒక మ్యాచ్ వచ్చేది. మిగతాదంతా నెట్ సెంటర్లో గంటకి ఇరవై రూపాయలిచ్చి బాక్స్ స్కోరు చూసుకోవడమే. ఎవరెన్ని పాయింట్లు కొట్టారో చదివి, మ్యాచ్ ఎలా జరిగి ఉంటుందో మనసులోనే ఆడించుకునేవాణ్ణి.

అప్పటి ఓనర్ రాబర్ట్ సార్వర్. 401 మిలియన్ డాలర్లకు జట్టు కొన్నాడు. ఆ రోజుల్లో మా ఏడుపు నీ ఏడుపుకి పూర్తిగా తలకిందులు: ఈయన చెయ్యి విదల్చడు అని. జో జాన్సన్‌ని 2005లో అట్లాంటాకి వదులుకున్నారు. 2006 డ్రాఫ్ట్‌లో 21వ పిక్ బోస్టన్‌కి ఇచ్చేశారు (డ్రాఫ్ట్ అంటే ఏటా కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం, పిక్ అంటే ఆ వంతు). ఆ పిక్‌తో అక్కడికి చేరినవాడే తర్వాత స్టార్ అయిన రాజన్ రాండో. 2007లో కర్ట్ థామస్ జీతం వదిలించుకోవడం కోసం అతనితో పాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఎదురిచ్చి మరీ సియాటిల్‌కి పంపారు. అందులో ఒకదానితో సెర్జ్ ఇబాకా వచ్చాడు, సియాటిల్ జట్టుకి. నాష్ రెండుసార్లు ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, ఫైనల్స్ మాత్రం ఒక్కసారి కూడా ఆడలేదు.

అంటే పిసినారి ఓనర్ చేతిలోనూ పిక్‌లు పోయాయి, చేతికి ఎముక లేని ఇప్పటి ఓనర్ చేతిలోనూ పోయాయి. రెండూ కళ్ళారా చూశాను కాబట్టి ఖర్చు అనే మాట వినగానే నాకు కోపం రాదు.

అయినా ఆ ఖర్చు ఎంతో ఒకసారి చూద్దాం, ఎందుకంటే చాలామంది అంకెలు వినకుండానే తిడుతున్నారు. మనకి ఐపీఎల్ అలవాటు. 2025 సీజన్ వేలానికి ఒక్కో జట్టుకి 120 కోట్ల పర్సు. అది గోడ. ఎంత డబ్బున్న ఓనరైనా 121వ కోటి పెట్టలేడు. ఎన్‌బీఏలో గోడ లేదు, మెట్లున్నాయి. 2024-25లో సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాల పరిమితి) సుమారు 140.6 మిలియన్ డాలర్లు. ఉన్న ఆటగాళ్ళని నిలుపుకోవడానికో, ట్రేడ్‌లోనో (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి) అది దాటొచ్చు. 170.8 మిలియన్ దాటితే లగ్జరీ టాక్స్ మొదలు. ఆ టాక్స్ మన ఇన్‌కమ్ టాక్స్ స్లాబుల్లాంటిదే, కాకపోతే చాలా కర్కశం. గీత దాటిన మొదటి 5 మిలియన్ల మీద డాలర్‌కి ఒకటిన్నర డాలర్ పన్ను. పైకెళ్ళే కొద్దీ రేటు పెరుగుతూ పోతుంది. సన్స్ కూర్చున్న ఎత్తులో డాలర్ జీతానికి అయిదు డాలర్ల పైచిలుకు పన్ను. బెంచి చివర తువ్వాలు పట్టుకుని కూర్చునే ఆటగాడికి 2 మిలియన్లు ఇస్తే, అతని మీద పన్ను 10 మిలియన్లు దాటుతుంది.

అలా ఆ సీజన్లో జీతాలు 210 మిలియన్లు దాటాయి, పన్ను 150 మిలియన్ల దరిదాపు. కలిపితే 360 మిలియన్లకు పైనే, ఎన్‌బీఏ చరిత్రలోనే ఖరీదైన జట్లలో ఒకటి. డాలర్‌కి 85 రూపాయల లెక్కన మూడు వేల కోట్లు. ఆ పన్ను ఒక్కటే ఐపీఎల్ పది జట్ల పర్సులు కలిపినంత. ఇంతా చేసి 8 గెలుపులు, 1 ఓటమితో మొదలైన జట్టు 36-46తో ముగిసింది. వెస్ట్ విభాగంలో 11వ స్థానం.

కానీ చూడు, 2021-22లో గోల్డెన్ స్టేట్ జట్టు 170 మిలియన్ల లగ్జరీ టాక్స్ కట్టింది. కప్పు కొట్టింది. ఎవరైనా అడిగారా ఎందుకంత కట్టావని? కొనగలిగినవాడు కొంటాడు. అంతవరకూ మీ రూమ్మేటే రైటు.

అతనికి తెలియంది 2023లో మారిన రూలు. ఆ ఏడాది ఆటగాళ్ళ సంఘానికీ లీగ్‌కీ కుదిరిన కొత్త ఒప్పందంలో సెకండ్ ఏప్రన్ అని ఇంకో గీత గీశారు. 2024-25లో అది 188.9 మిలియన్ల దగ్గర ఉంది. ఈ గీత దాటినవాడికి పన్ను ఒక్కటే కాదు, చేతులు కూడా కట్టేస్తారు. ఇద్దరు ఆటగాళ్ళ జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి ట్రేడ్‌లో తెచ్చుకోలేవు. పంపిన జీతం కంటే ఒక్క డాలర్ ఎక్కువ జీతం వెనక్కి తీసుకోలేవు. ట్రేడ్‌లో నగదు ఇవ్వలేవు. బయటి ఆటగాళ్ళకి కనీస జీతం తప్ప ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఏడేళ్ళ తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్ స్తంభించిపోతుంది, అమ్మలేవు. సన్స్‌కి 2032 పిక్ అలాగే ఆగిపోయింది. తర్వాతి ఏళ్ళలోనూ గీత పైనే తిష్ట వేస్తే ఆ పిక్‌ని ఫస్ట్ రౌండ్ చివరికి నెట్టేస్తారు.

అకౌంట్స్ వాడిగా చెప్తున్నా, నాకు ఈ రూలు రాసినవాళ్ళ మీద గౌరవం. వందల కోట్లున్నవాడికి జరిమానా వేస్తే నవ్వి కట్టేస్తాడు. బండి తాళం లాక్కుంటే నడుచుకుంటూ వెళ్ళాలి.

ఇక తప్పులు. అన్నిటికీ సమానంగా తిట్లు పంచలేను. కొన్నిటికి నేనూ చప్పట్లు కొట్టాను.

2023 ఫిబ్రవరి 9. ఆఫీసులో నెలవారీ లెక్కలు ముగించే హడావుడిలో ఉన్నాను. ఫోన్ ఆగకుండా మోగింది. కొత్త ఓనర్ మ్యాట్ ఇష్బియా చేతికి జట్టు వచ్చి వారం కాలేదు, బ్రూక్లిన్ నుంచి కెవిన్ డ్యురాంట్‌ని తెచ్చేశాడు. ఇచ్చింది: మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, జే క్రౌడర్, 2023, 2025, 2027, 2029 ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఏ షరతూ లేకుండా, 2028లో పిక్ మార్చుకునే హక్కు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. పక్క సీటు తమిళబ్బాయి ఇంక్రిమెంట్ లెటర్ వచ్చిందేమో అనుకున్నాడు. అప్పటికి అది పిచ్చి పని అని నాకు అనిపించలేదు, ఇప్పుడు అనిపించిందని బుకాయించను. 2021లో ఫైనల్స్‌లో 2-0 ముందుండి మిల్వాకీ చేతిలో 4-2తో ఓడాం. 2022లో 64 మ్యాచ్‌లు గెలిచి, సొంత కోర్టులో ఏడో మ్యాచ్‌లో డల్లాస్ చేతిలో 33 పాయింట్ల తేడాతో చితికిపోయాం. కప్పుకి ఒక్క మెట్టు దూరంలో ఉన్నామన్నది కళ్ళకి కనిపిస్తున్న నిజం. డ్యురాంట్ స్థాయి ఆటగాడు ఊరికే దొరకడు. ఇక్కడే ఒక మాట, అతన్ని తిట్టేవాళ్ళతో నేను కలవను. 2024-25లో కూడా మ్యాచ్‌కి 26 పాయింట్ల పైన కొట్టాడు. కూలికి మించి పనిచేశాడు.

మా వైపు రైతులు ఎంత కరువొచ్చినా విత్తనపు వడ్ల బస్తా జోలికి పోరు. ఇంట్లో చుట్టాలొస్తే పక్కింటికెళ్ళి అరువు తెస్తారు తప్ప ఆ బస్తా మూతి విప్పరు. డ్రాఫ్ట్ పిక్ అంటే అదే. మన స్టార్ డెవిన్ బుకర్ 2015లో 13వ పిక్. క్యామ్ జాన్సన్ 11వ పిక్. బ్రిడ్జెస్ 2018లో పదో పిక్, డ్రాఫ్ట్ రాత్రే ఫిలడెల్ఫియా నుంచి తెచ్చుకున్నాం. ఫైనల్స్ ఆడిన జట్టు ఆ బస్తాలోంచి మొలిచిందే. డ్యురాంట్ కోసం బస్తా విప్పారు సరే, పెద్ద చుట్టం వచ్చాడు, విప్పక తప్పలేదు అనుకుందాం. నాకు ఒళ్ళు మండింది నాలుగు నెలల తర్వాత, అడుగున మిగిలిన గింజలు కూడా ఊడ్చినప్పుడు.

బ్రాడ్లీ బీల్ సంగతి. 2022లో వాషింగ్టన్ అతనికి ఐదేళ్ళకి 251 మిలియన్లు ఇచ్చింది. దాంతో పాటు నో-ట్రేడ్ క్లాజ్ కూడా రాసిచ్చింది, అంటే అతను ఒప్పుకుంటే తప్ప ఎక్కడికీ పంపడానికి లేదు. ఎన్‌బీఏలో ఆ క్లాజ్ ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఒప్పందంలో ఉంది కాబట్టి ఆటగాడితో పాటు ఫీనిక్స్‌కీ వచ్చింది. బెంగళూరులో ఇల్లు అద్దెకి తీసుకున్న ప్రతివాడికీ ఇది అర్థమవుతుంది, కాకపోతే తిరగేసి. పది నెలల అడ్వాన్సు మనం కట్టించుకోలేదు, మనమే ఎదురు కట్టాం. పైగా అద్దెకున్నాయన సంతకం పెడితేనే ఇల్లు అమ్ముకోవచ్చు. అలాంటి కాగితం మీద ఎవడైనా సంతకం పెడతాడా? పెట్టారు. క్రిస్ పాల్‌ని, ల్యాండ్రీ షామెట్‌ని, సెకండ్ రౌండ్ పిక్‌లని, ఫస్ట్ రౌండ్ పిక్‌లు మార్చుకునే హక్కుల్ని ఇచ్చి మరీ పెట్టారు.

తేదీ చూడు. 2023 జూన్. కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చేది జులైలో. సెకండ్ ఏప్రన్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కాగితాల మీద అచ్చయి ఉంది. వరద వస్తోందని దండోరా వేశాక వాగులో ఇల్లు కట్టినట్టు.

ఆట పరంగా కూడా అతకలేదు. బుకర్, డ్యురాంట్, బీల్, ముగ్గురికీ చేతిలో బంతి కావాలి. బంతి పంచే క్రిస్ పాల్‌ని అదే ట్రేడ్‌లో పంపేశారు. బీల్ రెండు సీజన్లలోనూ 53 మ్యాచ్‌ల చొప్పున ఆడాడు, రెండో ఏడు జనవరిలో బెంచి మీదికి వచ్చాడు. మధ్యలో డీఆండ్రే ఏటన్‌ని పోర్ట్‌లాండ్‌కి పంపారు. 2018లో, తర్వాత సూపర్‌స్టార్ అయిన లూకా డాన్చిచ్‌ని కాదని తీసుకున్న నంబర్ వన్ పిక్ అతను, ఆ గాయం కెలకడం ఇప్పుడెందుకులే. మొత్తమ్మీద ఆ ముగ్గురు స్టార్లు కలిసి ఆడిన ప్లేఆఫ్ సిరీస్ ఒక్కటే. 2024లో మిన్నెసోటా చేతిలో 4-0. అంటే ఆ ముగ్గురూ కలిసి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. మూడు వేల కోట్ల కంటే నాకు ఈ సున్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

పిక్‌ల పద్దు చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. ఎన్‌బీఏలో స్టెపియన్ రూల్ ఒకటుంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ పిక్‌లు అడ్డగోలుగా అమ్మేస్తుంటే పెట్టారు. రాబోయే రెండు వరస సంవత్సరాల ఫస్ట్ రౌండ్ పిక్‌లు రెండూ ఇవ్వకూడదు. ఆత్మహత్య చేసుకోకుండా కట్టిన కంచె అనుకో. సన్స్ ఆ కంచెకి సందు వెతికింది. బేసి సంవత్సరాల పిక్‌లు బ్రూక్లిన్‌కి పూర్తిగా ఇచ్చేసింది. సరి సంవత్సరాల్లో పిక్ 'ఉంటుంది', కానీ వాషింగ్టన్‌ది మనకంటే అధ్వానమైన పిక్ అయితే వాళ్ళు మార్చుకోవచ్చు. మనం పాడైతే మంచి పిక్ వాళ్ళకి, మనం బాగుంటే ఎలాగూ చివరి పిక్ మనకి. ఇక 2031 పిక్ ఒక్కటి మిగిలితే, 2025 జనవరిలో దాన్ని యూటాకి ఇచ్చి బదులుగా మూడు చిన్న పిక్‌లు తెచ్చుకున్నారు. పెద్ద నోటు చిల్లరగా మార్చుకోవడమే. ఆ చిల్లరా చాలావరకు నిలవలేదు.

2025 ఫిబ్రవరిలో స్టార్ ఆటగాడు జిమ్మీ బట్లర్ కోసం ప్రయత్నిస్తున్నారని వార్తలొచ్చాయి. దారిలో బీల్ క్లాజ్ అడ్డం. బట్లర్ గోల్డెన్ స్టేట్‌కి వెళ్ళాడు. అప్పుడు నాకు బీల్ మీద కోపం రాలేదు. కాగితం రాసిచ్చింది ఒకళ్ళు, తెలిసి తీసుకున్నది ఇంకొకళ్ళు, అతను తన హక్కు వాడుకున్నాడు.

కోచ్‌ల మాటా ఒకటి. మాంటీ విలియమ్స్ 2022లో కోచ్ ఆఫ్ ద ఇయర్, 2023 మేలో ఇంటికి. ఫ్రాంక్ వోగెల్ ఒక్క సీజన్. మైక్ బుడెన్‌హోల్జర్ ఒక్క సీజన్. 2021లో మనల్ని ఓడించి కప్పెత్తిన మిల్వాకీ కోచ్ ఈయనే. అనంతపురంలో బస్సు కండక్టర్లు కూడా ఇంత త్వరగా మారరు. ఇప్పుడు జోర్డన్ ఆట్ వచ్చాడు. ప్రతి కోచ్ ఒక కొత్త పద్ధతి తెస్తాడు, ఆటగాళ్ళు ఆర్నెల్లు అది నేర్చుకుంటారు, నేర్చుకునేలోపు ఆయన వెళ్ళిపోతాడు.

ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఇదే తప్పు నేను చేశాను. మూడు వేల కోట్ల స్థాయిలో కాదులే. పన్నెండేళ్ళ క్రితం ఇక్కడే బెంగళూరులో ఒక క్లబ్‌కి నేను కోశాధికారిని. సిమెంట్ కోర్టు, ఒకవైపు బోర్డు కాస్త వంగి ఉండేది. ఉదయం ఆరింటికి పిల్లల బ్యాచ్, సాయంత్రం పెద్దవాళ్ళు. ఆ ఏడు ఒక టోర్నమెంట్ గెలవాలని కమిటీకి పంతం పట్టింది. వేరే రాష్ట్రం నుంచి ఇద్దరు పొడుగాటి ఆటగాళ్ళని రప్పించాం. రైలు టికెట్లు, లాడ్జి, భోజనం, మ్యాచ్‌కింతని చేతికి. లక్షా ఎనభై వేలు అయింది. ఆ డబ్బు కోసం పిల్లల కోచ్ జీతం మూడు నెలలు ఆపాం. చెక్కుల మీద సంతకం నాదే. సెమీఫైనల్లో ఓడాం. వచ్చినవాళ్ళు అదే రాత్రి రైలెక్కారు, వాళ్ళ తప్పేం లేదు. పిల్లల కోచ్ వేరే క్లబ్‌కి వెళ్ళాడు, పిల్లలు ఆయన వెనకే వెళ్ళారు. రెండేళ్ళ తర్వాత అండర్-18లో మా వాళ్ళని ముప్పై పాయింట్లతో కొట్టింది ఆ పిల్లలే. మ్యాచ్ అయ్యాక ఒకబ్బాయి వచ్చి "అంకుల్, బాగున్నారా" అని కాళ్ళకి దండం పెట్టాడు. వాడు ఓ బూతు తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

2017లో మహిళల ఆసియా కప్ కంఠీరవ స్టేడియంలో జరిగి, మన అమ్మాయిలు డివిజన్ బి గెలిచినప్పుడు స్టాండ్‌లో ఆ కోచ్ కనిపించాడు. ఇద్దరం టీ తాగాం. ఆ మూడు నెలల జీతం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సరే, ఫీనిక్స్‌కి వద్దాం. ఇష్బియాని రాక్షసుణ్ణి చెయ్యడం కూడా నాకు నచ్చదు. సార్వర్ 2022లో ఏడాది సస్పెన్షన్, 10 మిలియన్ల జరిమానాతో వదిలి వెళ్ళిన జట్టుని ఈయన 4 బిలియన్ల విలువ కట్టి కొన్నాడు. 2023లో కేబుల్ ఛానెల్ ఒప్పందం వదిలేసి స్థానిక మ్యాచ్‌లు మామూలు యాంటెనాకి ఉచితంగా వచ్చేలా చేశాడు. 2024లో స్టేడియంలో రెండు డాలర్లకే హాట్‌డాగ్, నీళ్ళు, పాప్‌కార్న్ పెట్టించాడు. మన చిన్నస్వామిలో నీళ్ళ సీసా ధర తెలిసిన నీకు దాని విలువ చెప్పక్కర్లేదు. కాలేజీలో మిషిగన్ స్టేట్ జట్టు బెంచి మీద కూర్చుని 2000లో ఛాంపియన్‌షిప్ చూసినవాడు, ఆట తెలిసినవాడు. తెలియడమే చిక్కేమో అని నా అనుమానం. ఓనర్‌కి ఆట తెలిస్తే జీఎం (జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్) కుర్చీకి పనుండదు. 2025 మేలో జేమ్స్ జోన్స్ స్థానంలో బ్రయాన్ గ్రెగరీని జీఎం చేశారు. ఆయనా మిషిగన్ స్టేట్ మనిషే. పరిచయస్థుల్ని పెట్టుకోవడం నేరం కాదు. కానీ ఓనర్ 'బీల్‌ని తెద్దాం' అంటే 'వద్దు సార్' అనగలిగినవాడు గదిలో ఒకడుండాలి. అంబలి తాగేవాడి మీసాలు ఎత్తేవాళ్ళు మన ఆఫీసుల్లోనూ తక్కువేం లేరు కదా.

ఈ దారిలో మనకంటే ముందు వెళ్ళినవాళ్ళున్నారు. 2013లో బ్రూక్లిన్, 35 ఏళ్ళ పాల్ పియర్స్, 37 ఏళ్ళ కెవిన్ గార్నెట్ కోసం బోస్టన్‌కి 2014, 2016, 2018 పిక్‌లు, 2017లో మార్చుకునే హక్కు ఇచ్చింది. ఆ ఏడు 90 మిలియన్ల దాకా పన్ను కట్టి, ఒక్క సిరీస్ గెలిచింది. 2015-16లో 21-61, ఆపై 20-62. వాళ్ళ పిక్‌ల పుణ్యాన బోస్టన్‌కి జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ దొరికారు. 2024లో కప్పు కొట్టింది వాళ్ళిద్దరూ. విచిత్రం ఏమిటంటే డ్యురాంట్ ట్రేడ్‌లో మన పిక్‌లు తీసుకున్నది అదే బ్రూక్లిన్. దెబ్బ తిన్నవాడు నేర్చుకున్నాడు. మన దగ్గర తీసుకున్న మికాల్ బ్రిడ్జెస్‌ని 2024లో న్యూయార్క్‌కి అమ్మి ఏకంగా ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు సంపాదించాడు.

2025 వేసవిలో సన్స్ తన తప్పులు తుడుచుకునే పని మొదలెట్టింది, ఆ తుడవడం కూడా చూడ్డానికి బాధగానే ఉంది. డ్యురాంట్‌ని హ్యూస్టన్‌కి పంపి జేలెన్ గ్రీన్‌ని, డిల్లన్ బ్రూక్స్‌ని, పదో పిక్‌ని, కొన్ని సెకండ్ రౌండ్ పిక్‌లని తెచ్చుకున్నారు. ఆ పదో పిక్ ఎవరిదనుకున్నావ్? మనదే. 2025లో మనం 36-46తో తగలడినందుకు వచ్చిన పిక్ అది. డ్యురాంట్‌తో పాటు బ్రూక్లిన్‌కి పోయి, అక్కడి నుంచి హ్యూస్టన్‌కి చేరింది. మన పెరట్లో కోసిన గుమ్మడికాయ సంతలో మనమే కొనుక్కొచ్చుకున్నాం. దాంతో ఖమాన్ మలువాచ్ అనే సెంటర్‌ని తీసుకున్నారు.

బీల్‌కి బయ్‌అవుట్ ఇచ్చారు, అంటే రావాల్సిన దాంట్లో కొంత తగ్గించుకుని ఒప్పందం తెంచేసుకోవడం. రెండేళ్ళకి రావాల్సిన 110 మిలియన్ల పైచిలుకులో అతను సుమారు 14 మిలియన్లు వదులుకున్నాడు. మిగిలిన 97 మిలియన్లని ఐదేళ్ళకి పరిచారు, ఏడాదికి 19.4 మిలియన్ల చొప్పున. కారు అమ్మేశాక కూడా ఈఎంఐ కడుతూ, ఆ కారు బీల్ చేరిన క్లిప్పర్స్ జట్టువాళ్ళు నడుపుతుంటే చూడ్డం. నా వృత్తి బుద్ధితో చెప్తే ఇది చెడ్డ నిర్ణయాల్లోకెల్లా తక్కువ చెడ్డది. జట్టు ఆ దెబ్బతో సెకండ్ ఏప్రన్ కిందికే కాదు, లగ్జరీ టాక్స్ గీత కిందికి వచ్చేసింది. చేతుల కట్లు విప్పారు. కట్లు విప్పాక చేతిలో పెట్టుకోవడానికి పిక్‌లు లేవన్నది వేరే సంగతి.

ఇప్పుడు నీ రూమ్మేట్‌కి ఇలా చెప్పు. డబ్బు ఓనర్‌దే, ఆ లెక్క ఆయనా ఆయన ఆడిటరూ చూసుకుంటారు. కానీ 2027 డ్రాఫ్ట్ రాత్రి జూన్‌లో తెల్లవారుజామున అయిదున్నరకి లేచి, మన జట్టు ఎవర్ని ఎంచుకుంటుందా అని చూసే ఆ టెన్షన్, ఆ ఆశ, అది నీది. అది నిన్నడక్కుండా అమ్మేశారు. నొప్పి అందుకు.

వదిలేయాలా అన్నావు. వదలగలిగితే అడిగేవాడివా? మార్చి నుంచి నవంబర్ దాకా మిగతా అమెరికా దాదాపు అంతా గడియారాలు ముందుకి తిప్పుతుంది, ఫీనిక్స్ తిప్పదు. అందుకే మన సొంత కోర్టు మ్యాచ్‌లు చాలావరకు ఏడాది పొడుగునా ఇక్కడ ఉదయం ఏడున్నరకే. మారతహళ్లి నుంచి ఆఫీసుకి ఔటర్ రింగ్ రోడ్డు మీద పట్టే టైముకి ఒక మ్యాచ్ అతికినట్టు సరిపోతుంది. ఇంతకంటే కలిసొచ్చే జట్టు నీకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఈసారి గెలుపోటములు పక్కనపెట్టి కుర్రాళ్ళని చూడు. 2024లో 28వ పిక్‌గా వచ్చిన రయన్ డన్ డిఫెన్స్ చూడు. రెండో రౌండ్‌లో 40వ పిక్ ఓసో ఇగోడారో ఉన్నాడు. విత్తనాలు అసలే లేకుండా పోలేదు.

ఇక జెర్సీ. అమ్మకు, ఎవడూ కొనడు. నా దగ్గర నాష్ 13 నంబరుది ఉంది, రంగు వెలిసి ఊదా కాస్తా బూడిద అయింది. మా ఆవిడ రెండుసార్లు స్టీల్ సామాన్లవాడికి వేయబోతే లాక్కున్నాను. నీ 35 నంబరుదీ అలాగే ఓ మూల పడి ఉండనీ. కొత్తది కొనాలనిపిస్తే మాత్రం బుకర్‌ది, ఒకటో నంబరు. జులైలో రెండేళ్ళకి 145 మిలియన్ల పొడిగింపు ఇచ్చారు. నాలాంటి లెక్కలవాడికి అది కూడా ఎక్కువే అనిపించింది. కాకపోతే 2029-30 దాకా ఒప్పందం ఉంది, బీల్ వాయిదాలు ముగిసేదీ అదే ఏడు, అందాకా ఆ జెర్సీ మీద పేరు మారకపోవచ్చు.